తరగతి గదిలో మూల్యాంకనం: పిల్లల జవాబులు చూసి రేపటి పాఠం ఎలా మార్చుకోవాలి

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించాం, ఇప్పుడు వాటితో ఏం చేయాలి? హైదరాబాద్ బడుల్లో పనిచేసే టీచర్లు, ముఖ్యంగా ఈ మధ్యే ఉద్యోగంలో చేరినవాళ్లు, పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఆ మార్కులు చేతికొచ్చేసరికి పాఠం దాటిపోయి ఉంటుంది. పిల్లలకు ఏది అర్థం కాలేదో పాఠం నడుస్తుండగానే తెలియాలి, తెలిసిన మర్నాడే మన బోధన మారాలి. తరగతి గదిలో మూల్యాంకనం అసలు అందుకే. విద్యాహక్కు చట్టం 2009లోని 29వ సెక్షన్ కూడా పిల్లల అవగాహననూ, దాన్ని ఉపయోగించే శక్తినీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలనే చెబుతుంది.

యాభై మంది పిల్లలున్న గదిలో, 40–45 నిమిషాల పీరియడ్‌లో చేయగలిగినవే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా లెక్కల నుంచి తీసుకున్నాను. తప్పు ఎలా పుట్టిందో లెక్కల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పద్ధతి మాత్రం అన్ని సబ్జెక్టులకూ ఒకటే.

## 1. పాఠానికి ముందు: ఏం చూడాలో తేల్చుకోండి

"పిల్లలకు దశాంశాలు అర్థం కావాలి" అని డైరీలో రాసుకుంటే, అర్థమైందో లేదో తేల్చే దారి ఉండదు. పిల్లవాడు ఏం చేసి చూపిస్తే అర్థమైనట్టో రాయండి. "అంకెల సంఖ్య వేరుగా ఉన్న నాలుగు దశాంశాలను చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి, ఎందుకలా పేర్చాడో చెప్పగలడు." ఇలా రాసుకుంటే ప్రశ్న దానంతటదే తయారవుతుంది.

రెండోది, ఈ పాఠానికి ముందు వాళ్లకు ఏం వచ్చి ఉండాలి? దశాంశాలకు స్థానవిలువ రావాలి, భిన్నం అంటే ఏమిటో తెలియాలి. యూనిట్ మొదలుపెట్టే ముందురోజు మూడు చిన్న ప్రశ్నలు ఇచ్చి చూడండి. దసరా సెలవుల తర్వాత, ఎండాకాలం సెలవుల తర్వాత ఇది తప్పనిసరి. జూన్‌లో చేరే పిల్లల్లో వేరే బడుల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. పాత రిపోర్టు కార్డు చూసి వాళ్ల స్థాయి అంచనా వేయకండి.

సిద్ధంగా ఉంచుకోవాల్సినవి:

- పిల్లలకు తలా ఒక పలక. లేకపోతే పాత నోట్‌బుక్‌లో తెల్లకాగితం, స్కెచ్ పెన్ చాలు.
- తరగతిలో అందరి పేర్లూ రాసిన చీటీలు, వాటిని వేసే ఒక డబ్బా.
- నాలుగు ముక్కలుగా చింపిన రూళ్ల కాగితాలు.
- తప్పులు రాసుకోవడానికి మీకంటూ ఒక నోట్‌బుక్. మార్కుల రిజిస్టర్ వేరు, ఇది వేరు.

## 2. తప్పు ఎక్కడుందో చూపించే ప్రశ్న తయారుచేయండి

ఈ మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ప్రశ్న సరిగా లేకపోతే తర్వాత చేసేవేవీ ఉపయోగపడవు.

ఆరో తరగతిలో దశాంశాల పాఠం అనుకుందాం. "0.8, 0.35లో ఏది పెద్దది?" అని అడిగారు. క్లాసులో చాలామంది 0.8 అన్నారు. బాగా వచ్చిందని ముందుకు వెళ్లిపోతాం. కానీ "పాయింటు తర్వాత అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దది" అని తప్పుగా అనుకునే పిల్లవాడు కూడా 0.8 అనే చెబుతాడు. జవాబు సరైనదే, ఆలోచన తప్పు. ఈ ప్రశ్న నిజంగా తెలిసినవాళ్లనూ, ఇలా తప్పుగా అనుకునేవాళ్లనూ విడదీయలేకపోయింది.

అదే ప్రశ్నను ఇలా మార్చండి: కింది వాటిలో పెద్దది ఏది?

ఎ) 0.4  బి) 0.37  సి) 0.215  డి) 0.62

- డి అన్నవాళ్లది సరైన జవాబు.
- సి అన్నవాళ్లు పాయింటును పట్టించుకోలేదు. 215ను మామూలు సంఖ్యలా చదివారు, అది 62 కన్నా పెద్దదనుకున్నారు.
- ఎ అన్నవాళ్లు అంకెలు తక్కువైతే సంఖ్య పెద్దదనుకుంటున్నారు. పదో వంతు వందో వంతు కన్నా పెద్దదని విని, దాన్ని అతిగా వర్తింపజేశారు.
- బి అన్నవాళ్లు బహుశా ఊహించి చెప్పారు. పక్కన కూర్చుని అడగాలి.

ప్రతి తప్పు జవాబు వెనుక ఒక ఆలోచన ఉండాలి. ఏ తప్పుకు ఏ కారణమో మీరు ముందే రాసుకోగలిగితే అది మంచి ప్రశ్న. రాసుకోలేకపోతే ఆ ఆప్షన్ తీసేయండి.

సైన్సులో: "చింతగింజ ఎంత చిన్నది, చింతచెట్టు ఎంత బరువు! ఆ బరువు ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చింది?" మట్టి, ఎండ, ఎరువు, గాలీ నీరూ అని నాలుగు జవాబులు ఇవ్వండి. సరైనది గాలీ నీరూ. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా మట్టి అంటారు. నిర్వచనం వచ్చింది, విషయం రాలేదని అప్పుడు తెలుస్తుంది.

మన నగరం నుంచి ఒకటి: మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న మెట్రో లైన్‌లో రెండు కొసలూ కలిపి 27 స్టేషన్లు. ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లే రైలు ఒక స్టేషన్‌లో ఆగి ఇంకో స్టేషన్‌కు ఎన్నిసార్లు కదులుతుంది? 27 అన్నవాళ్లు స్టేషన్లను లెక్కపెట్టారు, 26 అన్నవాళ్లు మధ్య దూరాలను లెక్కపెట్టారు. సరాసరి దూరం లెక్క చేయించేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం తప్పులు ముందే బయటపడతాయి.

గైడ్‌లో ఉన్న ప్రశ్న యథాతథంగా వాడకండి. దాని జవాబు ట్యూషన్‌లో బట్టీ పట్టి వచ్చేవాళ్లుంటారు. సంఖ్యో, పేరో, సందర్భమో మార్చండి.

## 3. అందరి చేతా ఒకేసారి జవాబు చెప్పించండి

"అర్థమైందా?" అంటే "అయింది సార్" అని క్లాసంతా ఒకే గొంతుతో అంటుంది. దాంతో మనకు తెలిసేది ఏమీ లేదు. చెయ్యెత్తిన ముగ్గురినే అడిగితే ఆ ముగ్గురి సంగతే తెలుస్తుంది.

ఈ వరుసలో చేయండి:

1. ప్రశ్న బోర్డు మీద రాయండి. ఒకసారి చదవండి.
2. మాట్లాడకుండా ఆగండి. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో గమనించారు. కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా వచ్చాయి, జవాబు చెప్పేవాళ్లూ పెరిగారు. లెక్క చేయాల్సిన ప్రశ్న అయితే నిమిషమైనా ఇవ్వండి.
3. జవాబు పలక మీద రాయమనండి. పలకను బోర్లించి పెట్టుకోవాలి.
4. "ఇప్పుడు" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. పలక లేనిచోట వేళ్లతో చూపించొచ్చు: ఎ అయితే ఒక వేలు, బి అయితే రెండు. చేతిని ఛాతీకి దగ్గరగా పెట్టమనండి, వెనకవాళ్లకు కనిపించదు.
5. జవాబు సరైనదో కాదో వెంటనే చెప్పకండి. డబ్బాలోంచి ఒక చీటీ తీసి, ఆ పిల్లనో పిల్లవాడినో "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి. సరైన జవాబు ఇచ్చినవాళ్లనూ అడగాలి. లేకపోతే "ఎందుకు" అని అడిగితే తప్పు చెప్పినట్టే అని పిల్లలు అనుకుంటారు.

చీటీ వచ్చిన పిల్లవాడు "రాదు సార్" అంటే వదిలేయొద్దు, నిలబెట్టొద్దు. ఇంకో ఇద్దరి జవాబులు విన్నాక మళ్లీ అతని దగ్గరికి రండి: "వాళ్లిద్దరిలో ఎవరి మాట నీకు సరిగ్గా అనిపించింది?"

## 4. భాష అడ్డమా, విషయం అడ్డమా?

హైదరాబాద్‌లో ఈ మెట్టు దాటేయడానికి వీల్లేదు. ఒకే గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, హిందీ, మరాఠీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లో. ఖాళీగా వదిలేసిన జవాబు చూసి లెక్క రాదనుకుంటాం. చాలాసార్లు వాళ్లకు రానిది ఆ వాక్యం.

తేల్చుకోవడం సులభం:

- అదే లెక్కను మాటలు తీసేసి, సంఖ్యలతో మాత్రమే ఇవ్వండి. అప్పుడు చేస్తే అడ్డం భాషే.
- ప్రశ్నను మీరు చదివి వినిపించండి. వింటే అర్థమై, చదివితే కాకపోతే సమస్య చదవడంలో ఉంది.
- జవాబు ఇంటి భాషలో చెప్పనివ్వండి. మీకు ఉర్దూ రాకపోతే పక్క పిల్లవాడు చెబుతాడు.
- ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి వస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లిష్ పేజీ ఎదురుగా ఉన్న పేజీ చదివించి, మళ్లీ అదే ప్రశ్న అడగండి.

భాష అడ్డమైతే లెక్క మళ్లీ చెప్పడం వల్ల లాభం లేదు. "మిగిలినవి", "ఒక్కొక్కరికి", "కంటే ఎంత ఎక్కువ" లాంటి మాటలకు ఇంగ్లిష్‌లో ఏమంటారో ఒక చార్టు రాసి గోడకు పెట్టండి.

## 5. పీరియడ్ చివర చీటీ, మూడు కుప్పలు

చివరి ఐదు నిమిషాలు ఉంచుకోండి. చింపిన కాగితం ముక్క మీద ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాసి, పేరు రాసి ఇవ్వాలి. ఒక లెక్క, దాని కింద ఒక వాక్యంలో కారణం. అంతే.

చీటీలు దిద్దకండి, మార్కులు వేయకండి. చదువుతూ మూడు కుప్పలుగా వేయండి:

- జవాబూ కారణమూ సరిగా ఉన్నవి.
- జవాబు సరైనదే గానీ కారణం లేనివి, లేదా చిన్న పొరపాటు ఉన్నవి.
- ఆలోచనే తప్పుదారిలో ఉన్నవి.

అలవాటైతే స్టాఫ్ రూంలో పది నిమిషాల్లో యాభై చీటీలూ అయిపోతాయి. ఇప్పుడు మూడో కుప్పను మళ్లీ తీయండి. తప్పులన్నీ ఒకటేనా, వేర్వేరా? రెండో తరగతిలో 52 నుంచి 27 తీసేస్తే 35 అని రాసినవాళ్లు పన్నెండు మంది ఉన్నారనుకోండి. వాళ్లు తొందరపడలేదు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీశారు. "జాగ్రత్తగా చేయండి" అంటే వాళ్లు మళ్లీ అదే తప్పును జాగ్రత్తగా చేస్తారు.

మీ నోట్‌బుక్‌లో మూడే విషయాలు రాయండి: తేదీ, తప్పు ఏమిటి, ఎవరెవరు చేశారు.

## 6. మర్నాడు ఏం మార్చాలి?

నేను పాటించే లెక్క ఇది. యాభై మందికి సరిపోతుంది, మీ క్లాసును బట్టి సర్దుకోండి.

సగం కన్నా ఎక్కువమంది తప్పు చేస్తే: అది పిల్లల లోపం కాదు, పాఠం మళ్లీ చెప్పాలి. అవే మాటలు, అదే ఉదాహరణ కాదు, వేరే దారిలో. దశాంశాలను స్థానవిలువ పట్టికతో చెప్పి ఉంటే ఇప్పుడు మీటరు టేపు తీసుకురండి. 0.4 మీటరు అంటే 400 మిల్లీమీటర్లు, 0.215 మీటరు అంటే 215, 0.62 మీటరు అంటే 620. పిల్లలే వేలు పెట్టి చూపించాలి. ఏది పెద్దదో టేపే చెబుతుంది. రూపాయలు, పైసలతో మాత్రం ఆగిపోకండి. రెండంకెల దాకా పైసలు పనికొస్తాయి, 0.215 దగ్గర పనికిరావు. చివర సున్నాలు పెట్టి పోల్చే చిట్కా టేపు చూశాకే చెప్పండి.

పది మంది దాకా ఉంటే: మిగతావాళ్లకు కొంచెం కష్టమైన పని ఇచ్చి, ఈ పదిమందినీ ముందు వరుసలోకి పిలిచి పదిహేను నిమిషాలు చెప్పండి. ఈ గుంపు ప్రతిసారీ మారాలి. ఎప్పుడూ ఆ పదిమందే అయితే వాళ్లకు "వెనకబడ్డవాళ్లు" అన్న పేరు పడిపోతుంది. దశాంశాలు రానివాడికి కోణాలు చక్కగా రావచ్చు.

ఇద్దరు ముగ్గురే అయితే: ప్రార్థన అయ్యాకో, ఇంటర్వెల్‌లోనో ఐదు నిమిషాలు చాలు.

రెండు మూడు రోజులాగి, అదే విషయం మీద వేరే ప్రశ్న ఇవ్వండి. మూడు వారాల తర్వాత మళ్లీ ఒకటి. ఆ పూట వచ్చిన జవాబు మూడు వారాల తర్వాత రాకపోతే పిల్లవాడు ఇంకా నేర్చుకోనట్టే. ఈ చివరి ప్రశ్ననే అందరం వదిలేస్తాం.

మీ బోధన గురించి కూడా ఇక్కడే తెలుస్తుంది. రెండు సెక్షన్లలోనూ ఒకే తప్పు వస్తే మీరు చెప్పిన ఉదాహరణలోనే ఏదో ఇబ్బంది ఉంది. ఒక సెక్షన్‌లోనే వస్తే ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి: చివరి పీరియడా, సగంమంది రాలేదా? పక్క సెక్షన్ టీచర్ పిల్లలకు ఆ తప్పు రాకపోతే, ఆమె ఎలా చెప్పారో అడిగి తెలుసుకోండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఇలాంటి చీటీలు నాలుగు పట్టుకెళ్తే మాట్లాడుకోవడానికి అసలైన విషయం ఉంటుంది.

## 7. నోట్‌బుక్ కరెక్షన్: టిక్కుకు బదులు పని చెప్పండి

"గుడ్", "ఇంకా కృషి చేయాలి" అన్న మాటలు చదివి పిల్లవాడు ఏం చేయాలి? రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన పరిశోధనలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు. మార్కులూ వ్యాఖ్యలూ కలిపి ఇచ్చినచోట ఆ మెరుగు కనిపించలేదు. మార్కు కనిపిస్తే పిల్లల కళ్లు దాని మీదే ఉంటాయి, ఇది మనకూ అనుభవమే. కాబట్టి రోజువారీ పనికి మార్కు వేయకండి.

వ్యాఖ్య ఒక పని చెప్పాలి:

- 1/2 + 1/3 = 2/5 అని రాస్తే: "2/5 అర కన్నా పెద్దదా, చిన్నదా? అరకు ఇంకొంచెం కలిపితే అర కన్నా తగ్గుతుందా? బొమ్మ గీసి చూడు."
- తెలుగు వ్యాసానికి: "రెండో పేరాలో అభిప్రాయం ఉంది, కారణం లేదు. ఒక వాక్యం కలుపు."
- ణ, న తేడా రాకపోతే తప్పు రాసిన మాటలన్నీ ఎర్రసిరాతో దిద్దకండి. "ఈ పేరాలో ణ రావాల్సిన మాటలు నాలుగున్నాయి, వెతుకు" అని రాయండి.

నోట్‌బుక్కులు పంచిన రోజు క్లాసులోనే పది నిమిషాలు ఇచ్చి ఆ పని చేయించండి. ఇంటికి పంపితే ఎవరూ చేయరు. యాభై పుస్తకాలకూ ప్రతి వారం ఇలా రాయడం కుదరదు. వారానికి ఒక వరుస పిల్లలవి తీసుకుంటే చాలు.

పిల్లల చేత పిల్లల పని దిద్దించేటప్పుడు ముందు కొలతలు ఇవ్వండి. లేఖకైతే: తేదీ, చిరునామా ఉన్నాయా, విషయం మొదటి వాక్యంలోనే తెలుస్తోందా, అడిగినవన్నీ రాశారా. మార్కులు వేయనివ్వకండి. ఒక మంచి విషయం, ఒక మార్పు చెబితే చాలు.

## 8. ఎఫ్‌ఏ, ఎస్‌ఏలతో దీన్ని కలపడం

నిర్మాణాత్మక మూల్యాంకనానికి (ఎఫ్‌ఏ) మన దగ్గర ఉన్న సాధనాలు నాలుగు: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. పైన చెప్పినవి చేస్తూ ఉంటే ఇందులో మొదటి రెండూ వాటంతటవే నిండుతాయి. మీ తప్పుల నోట్‌బుక్కే ఆధారం. చివరి తేదీ ముందురోజు రాత్రి కూర్చుని నాలుగు గళ్లూ నింపే టెన్షన్ ఉండదు.

ప్రాజెక్టు అంటే స్టేషనరీ షాపులో కొన్న చార్టు కాకూడదు. "మీ వీధిలో నల్లా నీళ్లు ఏ రోజుల్లో, ఎంతసేపు వచ్చాయి? వారం రోజులు రాసి గ్రాఫ్ గీయండి" లాంటిది ఇస్తే తల్లిదండ్రులు చేసిపెట్టడానికి వీలుండదు.

ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే సంగ్రహణాత్మక మూల్యాంకన పరీక్ష) పేపర్లు దిద్దాక ప్రశ్నవారీగా ఎంతమంది తప్పు చేశారో ఒక కాగితం మీద గీతలు పెట్టి లెక్కించండి. ఎక్కువమంది తప్పు చేసినవాటిలో ముందు ప్రశ్న సరిగానే ఉందా చూడండి. సరిగానే ఉంటే ఆ అంశాన్ని తర్వాతి నెల పాఠాల్లో ఎక్కడ మళ్లీ తేవచ్చో డైరీలో గుర్తు పెట్టుకోండి.

## 9. ఎదురయ్యే ఇబ్బందులు, పరిష్కారాలు

సిలబస్ అయిపోదు. వారంలో రెండు చీటీలతో మొదలుపెట్టండి. పోయేది పది నిమిషాలు. అర్థం కాని పాఠం మీద కట్టిన పాఠానికి పోయే సమయం అంతకన్నా చాలా ఎక్కువ.

పిల్లలు పక్కవాళ్లది చూసి రాస్తున్నారు. చీటీకి మార్కులు ఉన్నాయని భయపడుతున్నారన్నమాట. మార్కులు లేవని చెప్పడమే కాదు, నిజంగా వేయకండి. బెంచీలో రెండోవారికి సంఖ్యలు మార్చి ఇవ్వండి.

తప్పు చెప్పినవాళ్లను చూసి మిగతావాళ్లు నవ్వుతున్నారు. మొదటి రోజే ఆపాలి. పేరు చెప్పకుండా ఒక తప్పు జవాబును బోర్డు మీద రాసి, "ఇలా ఎందుకు అనుకుని ఉంటారు?" అని క్లాసును అడగండి. పిల్లలు తప్పులోని ఆలోచనను వెతకడం మొదలుపెడితే నవ్వు తగ్గుతుంది.

తల్లిదండ్రులు ర్యాంకే అడుగుతున్నారు. మీటింగ్‌లో చీటీలు ముందు పెట్టండి. "ఆగస్టులో ఇలా రాసింది, ఇప్పుడు ఇలా రాస్తోంది. మిగిలింది ఇది." పక్కింటి పిల్లతో పోలిక తేకండి.

హెచ్‌ఎం మార్కులు లేని పని ఎందుకంటున్నారు. మీ తప్పుల నోట్‌బుక్ చూపించండి. ఏ తప్పు ఎంతమందిలో ఉండేది, ఇప్పుడు ఎంతమందిలో ఉంది అని రాసి ఉంటే ఆ ప్రశ్న మళ్లీ రాదు.

## 10. మొదటి వారం ప్రణాళిక

ఒకే తరగతి, ఒకే సబ్జెక్టు తీసుకోండి.

- [ ] సోమవారం: ఈ వారం పాఠానికి "చేసి చూపించాల్సింది" ఒక వాక్యంలో రాశాను.
- [ ] మంగళవారం: కారణాలు తెలిసిన తప్పు ఆప్షన్లతో ఒక ప్రశ్న తయారుచేసి, పలకలతో అడిగాను.
- [ ] బుధవారం: పీరియడ్ చివర చీటీ తీసుకున్నాను. మూడు కుప్పలు చేశాను.
- [ ] గురువారం: మూడో కుప్పవాళ్లకు వేరే దారిలో మళ్లీ చెప్పాను.
- [ ] శుక్రవారం: ఒక వరుస పిల్లల నోట్‌బుక్కుల్లో పని చెప్పే వ్యాఖ్యలు రాసి, క్లాసులోనే చేయించాను.
- [ ] శనివారం: మూడో కుప్పవాళ్లకు కొత్త ప్రశ్న ఇచ్చాను. ఇంకా రానివాళ్ల పేర్లు, సోమవారం వాళ్లకు ఏం చెప్పాలో డైరీలో రాశాను. మూడు వారాల తర్వాత అడగాల్సిన ప్రశ్నను ఆ తేదీ పేజీలో రాసి పెట్టాను.